అర్జీ నుంచి ఓటు దాకా: ప్రకాశం పంతులు చూసిన ఆరు రకాల పాలన

రాచర్ల, గిద్దలూరు, కంభం, మార్కాపురం ప్రాంతాల్లో టంగుటూరి ప్రకాశం పంతులు పేరు తెలియని వాళ్లు ఉండరు. 1970లో గుంటూరు, నెల్లూరు, కర్నూలు జిల్లాల నుంచి కొన్ని తాలూకాలు తీసి ఒంగోలు జిల్లా చేశారు. కర్నూలు నుంచి వచ్చినవి మన పడమటి తాలూకాలే. రెండేళ్ల తర్వాత 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పేరు పెట్టారు. అప్పటి నుంచి రేషన్ కార్డు మీద, స్కూలు సర్టిఫికెట్ మీద, పొలం పాస్ బుక్కు మీద ఆ పేరు రాసుకుంటూ వచ్చాం. పేరు మాత్రం తెలుసు. మనిషి గురించి అడిగితే చాలామంది ఒకటే చెప్తారు, తుపాకీకి గుండె చూపించిన ఆంధ్రకేసరి అని. అది నిజమే గానీ, ఆయన 84 ఏళ్ల జీవితంలో అది ఒక్క రోజు సంగతి.

మిగతా రోజుల్లో ఆయన చూసింది ఇంకా పెద్దది. కరణం చెప్పిందే చట్టమైన ఊళ్లో పుట్టారు. పన్ను కట్టేవాళ్లకే ఓటున్న మున్సిపాలిటీకి ఛైర్మన్ అయ్యారు. వైస్రాయి కాదంటే ఏ తీర్మానమూ నిలవని కేంద్ర సభలో కూర్చున్నారు. ఆస్తి, చదువు ఉన్నవాళ్లు మాత్రమే ఎన్నుకున్న రాష్ట్ర ప్రభుత్వంలో మంత్రి, ఆ తర్వాత ప్రధాని అయ్యారు. నిజాం ఏలుబడిలోని హైదరాబాద్‌కు వెళ్లి వచ్చారు. చివరికి 21 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ ఓటున్న రాష్ట్రానికి ముఖ్యమంత్రి అయ్యారు. ఇన్ని రకాల ప్రభుత్వాలను లోపల నుంచో దగ్గర నుంచో చూసిన తెలుగువాళ్లు చాలా తక్కువ. మామూలు మనిషికి ప్రభుత్వంలో ఎంత చోటు దొరికింది, ఎలా దొరికింది అని తెలుసుకోవాలంటే ఆయన జీవితం చదివితే చాలు.

అర్జీల కాలం

1872 ఆగస్టు 23న ఒంగోలు ప్రాంతంలోని వినోదరాయునిపాలెంలో ప్రకాశం పుట్టారు. తల్లి సుబ్బమ్మ, తండ్రి గోపాలకృష్ణయ్య. కరణాల వంశం.

ఆ రోజుల్లో ఊరికి ప్రభుత్వం అంటే కరణం, మునసబు. భూమి లెక్కలు కరణం దగ్గర, శిస్తు వసూలు, తగాదాలు మునసబు దగ్గర. ఆ ఉద్యోగాలు తండ్రి నుంచి కొడుక్కి వచ్చేవి. ఊళ్లో ఎవరూ ఎన్నుకునేది లేదు, దించేది లేదు. పైన తహసీల్దారు, ఆ పైన జిల్లా కలెక్టరు.

మన గిద్దలూరు, కంభం వైపు కథ ఇంకొంచెం వేరు. 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేసిన దత్త మండలాల్లో కంభం ప్రాంతం కూడా ఉంది. పొద్దున ఒక సర్కారు, సాయంత్రం ఇంకో సర్కారు. ఆ ఇచ్చిపుచ్చుకోవడంలో కంభం చెరువు కింద వరి పండించే రైతును ఎవరూ ఏమీ అడగలేదు. సర్కారు మారినా మాటలు మారలేదు. సర్కారు, జిల్లా, తాలూకా, తహసీల్దారు, జమాబందీ, వకీలు, అర్జీ. పార్సీ, ఉర్దూల దారిలో వచ్చిన ఈ మాటలే ఇంగ్లీషు వాళ్లూ వాడుకున్నారు, మనం ఇప్పటికీ వాడుతున్నాం.

ఈ మాటల్లో మామూలు మనిషికి మిగిలింది ఒక్కటే, అర్జీ. కష్టం వస్తే కాగితం రాయించుకుని, జమాబందీకి వచ్చిన దొర ముందు చేతులు కట్టుకుని నిలబడాలి. ఇస్తే దయ, ఇవ్వకపోతే కర్మ. ఎందుకు ఇవ్వలేదని అడగడానికి దారి లేదు.

ప్రకాశానికి 11 ఏళ్లప్పుడు తండ్రి పోయారు. తల్లి పిల్లల్ని తీసుకుని ఒంగోలు చేరి పూటకూళ్ల ఇల్లు పెట్టింది. వచ్చేపోయే వాళ్లకు వండి పెట్టి పిల్లల్ని సాకింది. ఆ రోజుల్లో కోర్టు పనులకు ఒంగోలు వచ్చే ప్లీడర్లను, వాళ్ల చుట్టూ తిరిగే కక్షిదారులను చూస్తూ పెరిగిన పిల్లవాడికి తానూ ప్లీడరు కావాలనే కోరిక పుట్టింది. ఇమ్మానేని హనుమంతరావు నాయుడు అనే ఉపాధ్యాయుడు ఆదుకున్నారు. ఆయన రాజమండ్రి వెళ్తూ ప్రకాశాన్ని కూడా తీసుకెళ్లి చదివించారు, మద్రాసు పంపారు. ప్రకాశం సెకండ్ గ్రేడ్ ప్లీడరై రాజమండ్రికి తిరిగొచ్చారు.

పన్ను కడితేనే ఓటు

రాజమండ్రిలో వకీలుగా పేరొచ్చింది, డబ్బూ వచ్చింది. ఆ ఊరి మున్సిపాలిటీలోనే ఆయన మొదటిసారి ఎన్నిక అంటే ఏమిటో చూశారు.

1882లో వైస్రాయి రిప్పన్ స్థానిక సంస్థల్లో ఎన్నికైన వాళ్లకు చోటివ్వాలని నిర్ణయించాక, మద్రాసు రాష్ట్రంలో పట్టణాలకు ఎన్నికైన కౌన్సిలర్లు వచ్చారు. అయితే ఓటు అందరికీ లేదు. పన్ను కట్టే మగవాళ్లకే. అద్దె కొట్లో దర్జీ పని చేసుకునే మనిషికి, గోదావరి ఒడ్డున మూటలు మోసే మనిషికి ఆ ఊరి నీళ్ల గురించి, దీపాల గురించి మాట్లాడే హక్కు లేదు. కొంతమంది సభ్యులను ప్రభుత్వమే పెట్టేది.

1904లో ప్రకాశం ఆ మున్సిపాలిటీకి ఛైర్మన్‌గా ఎన్నికయ్యారు. అప్పటికి ఆయనకు ముప్పై రెండేళ్లు నిండీ నిండలేదు. ఊళ్లో పెద్ద మనుషుల్లో కొందరు అవతలి పక్షం. పెంచి చదివించిన హనుమంతరావు నాయుడు కూడా అవతలి పక్షమే. అయినా గెలిచారు. ఓటున్నది కొద్దిమందికే అయినా, ఊరి పెద్దల్లో కొందరు వద్దన్న మనిషిని ఆ కొద్దిమంది గెలిపించగలిగారు. అర్జీతో అయ్యే పని కాదది.

సెకండ్ గ్రేడ్ ప్లీడర్లకు హైకోర్టులో వాదించే అర్హత లేదు. ఒక పెద్ద బారిస్టరు సలహాతో ప్రకాశం 1904లోనే ఇంగ్లండు వెళ్లారు. బారిస్టరు చదువుతూనే, బ్రిటిష్ పార్లమెంటుకు పోటీ చేసిన దాదాభాయి నౌరోజీ ఎన్నికల ప్రచారంలో పనిచేశారు. నౌరోజీ 1892లో లండన్‌లోని ఒక నియోజకవర్గం నుంచి గెలిచి పార్లమెంటులో కూర్చున్న భారతీయుడు. 1906లో మళ్లీ నిలబడితే ఓడిపోయారు. ఇంగ్లండులో అభ్యర్థి ఓటరు ఇంటికెళ్లి ఓటు అడుగుతాడు. అదే ఇంగ్లండు పాలించే దేశంలో కలెక్టరు దొర గుమ్మం ముందు జనం నిలబడతారు. ఒకే చక్రవర్తి కింద రెండు రకాల పాలనలు. 1907లో ప్రకాశం మద్రాసు తిరిగొచ్చారు. అదే ఏడాది బిపిన్ చంద్రపాల్ మద్రాసులో ప్రసంగాలు చేస్తుంటే, సర్కారుకు జడిసి పెద్దలు అధ్యక్షత వహించడానికి వెనకాడారు. ఆ కుర్చీలో ప్రకాశం కూర్చున్నారు.

సభ ఉంది, అధికారం లేదు

మద్రాసు హైకోర్టులో ఆయన ప్రాక్టీసు లక్షల్లో నడిచింది. 1921లో అదంతా వదిలేసి గాంధీజీ ఉద్యమంలోకి వచ్చేశారు. స్వరాజ్య పత్రిక పెట్టారు. అది ఇంగ్లీషు, తెలుగు, తమిళం, మూడు భాషల్లో నడిచింది. సంపాదించిన డబ్బు చాలా వరకు ఆ పత్రికే మింగేసింది. దాన్ని నడిపించడంలో, లెక్కలు చూసుకోవడంలో ఆయన గట్టివారు కాదని స్నేహితులే ఒప్పుకున్నారు.

1921లోనే మలబారులో మాప్పిళ్ల ముస్లింల తిరుగుబాటు వచ్చింది. మార్షల్ లా పెట్టారు, బయటివాళ్లు రాకూడదని నిషేధించారు. ఆ నిషేధాన్ని లెక్కచేయకుండా ప్రకాశం ఆ ప్రాంతంలో తిరిగి వచ్చారు. దాని ఫలితంగా ఊటీలో ఆయనకున్న ఆస్తిని ప్రభుత్వం జప్తు చేసింది. హిందూ ముస్లిం గొడవలు జరిగిన ముల్తాన్‌కు కూడా ఆయన వెళ్లారు. ఎక్కడ ఏం జరిగిందో సర్కారు చెప్పింది వినడం కాదు, వెళ్లి చూడాలి అనేది ఆయన పద్ధతి.

1926లో ఆయన కేంద్ర శాసనసభకు ఎన్నికయ్యారు. బయటి నుంచి చూస్తే అది పార్లమెంటులాగే ఉంటుంది. ప్రశ్నలు అడగొచ్చు, ఉపన్యాసాలు ఇవ్వొచ్చు, ఓటింగు జరుగుతుంది. కానీ సభ వద్దన్న చట్టాన్ని వైస్రాయి తన సంతకంతో అమల్లోకి తెచ్చుకోగలడు. మంత్రివర్గం సభకు జవాబుదారీ కాదు. ఇక ఓటర్లు, దేశం మొత్తం మీద సుమారు పది లక్షల మంది. ఇంత పెద్ద దేశంలో అది పిడికెడు.

ఈ సభలన్నిటిలో ముస్లింలకు ప్రత్యేక నియోజకవర్గాలు ఉండేవి. 1909 సంస్కరణలతో వచ్చిన పద్ధతి అది. ముస్లిం సీటుకు ముస్లింలే ఓటేయాలి, ముస్లిమే నిలబడాలి. సీటు ఖాయం. కానీ ఆ ఓటు కూడా ఆస్తిపరుల ఓటే. జమీందారుకు, పెద్ద వర్తకుడికి ఓటుంది. మార్కాపురంలో పలకల రాయి కొట్టే కూలీకి లేదు. పక్కింటి హిందూ కూలీకీ లేదు. కౌములు వేరైనా బయట నిలబడ్డ వాళ్లు మాత్రం ఇద్దరూ ఒకచోటే ఉన్నారు.

భారతదేశానికి ఇంకెంత అధికారం ఇవ్వొచ్చో తేల్చడానికి బ్రిటన్ ఒక కమిషన్ వేసింది. సైమన్ ఛైర్మన్. ఏడుగురు సభ్యులూ ఇంగ్లీషు వాళ్లే, ఒక్క భారతీయుడు లేడు. 1928 ఫిబ్రవరి 3న ఆ కమిషన్ బొంబాయిలో దిగింది. ఆ రోజు మద్రాసులో హర్తాళ్ జరిగింది. హైకోర్టు దగ్గర, ప్యారీస్ కార్నర్ ప్రాంతంలో పోలీసులు కాల్పులు జరిపారు, ఒక మనిషి చనిపోయాడు. శవాన్ని చూడటానికి ప్రకాశం ముందుకెళ్తే సిపాయి తుపాకీ ఎక్కుపెట్టాడు. ప్రకాశం చొక్కా తెరిచి ఛాతీ చూపించి, కాల్చమని నిలబడ్డారు. దారి వదిలారు. జనం ఆంధ్రకేసరి అన్నది అప్పటి నుంచే.

ఆ రోజు ఆయన అడిగింది సింహాసనం కాదు. చనిపోయిన మనిషి ఎవరో చూసే హక్కు. సభలో కుర్చీ ఉండి కూడా దాని కోసం తుపాకీకి ఎదురు నిలబడాల్సి వచ్చింది. 1930లో ఆ కుర్చీకి రాజీనామా చేసి ఉప్పు సత్యాగ్రహంలో దిగారు, జైలుకెళ్లారు.

మంత్రి అయ్యాక

1935 చట్టంతో రాష్ట్రాలకు మంత్రివర్గాలు వచ్చాయి. 1937లో మద్రాసు శాసనసభలో 215 సీట్లు, అందులో 28 ముస్లిం సీట్లు. ఓటు జనాభాలో ఏడుగురిలో ఒకరికి అటూ ఇటుగా వచ్చింది. రాజాజీ ప్రధాని. రాష్ట్ర ప్రభుత్వానికి పెద్దను అప్పట్లో ప్రధాని అనేవాళ్లు. యాకూబ్ హసన్ సేఠ్ పబ్లిక్ వర్క్స్ మంత్రి. ప్రకాశం రెవెన్యూ మంత్రి.

కరణం కొడుకు చేతికి రెవెన్యూ శాఖ వచ్చింది. జమీందారీ రైతుల కష్టాలు విచారించే కమిటీకి ఆయనే అధ్యక్షులు. ఊరూరా సాక్ష్యాలు తీసుకున్నారు. అంతకు ముందు అర్జీ పట్టుకుని నిలబడిన రైతు ఇప్పుడు కమిటీ ముందు కూర్చుని సాక్ష్యం చెప్పాడు. భూమి దున్నే రైతుదే, జమీందారు శిస్తు వసూలు చేసే వాడు మాత్రమే అని 1938లో కమిటీ తేల్చింది. చట్టం మాత్రం రాలేదు. ప్రపంచ యుద్ధంలోకి దేశాన్ని అడగకుండా లాగినందుకు 1939లో కాంగ్రెస్ మంత్రివర్గాలు రాజీనామా చేశాయి. జమీందారీ రద్దు చట్టం మద్రాసులో 1948లో వచ్చింది, పదేళ్లు ఆలస్యంగా.

క్విట్ ఇండియా జైలు నుంచి బయటికొచ్చాక, 1946 ఏప్రిల్ 30న ప్రకాశం మద్రాసు ప్రధాని అయ్యారు. కాంగ్రెస్ ఢిల్లీ పెద్దలకు రాజాజీ కావాలి. ఎన్నికైన సభ్యులు ఒప్పుకోలేదు. ఢిల్లీ మాటా, సభ్యుల మాటా అంటే అప్పుడు సభ్యుల మాటే నెగ్గింది.

ఈ ఏడాది పాలనలో మెచ్చుకోవాల్సినవీ ఉన్నాయి, మెచ్చుకోలేనివీ ఉన్నాయి. కొన్ని ఫిర్కాలను తీసుకుని ఊళ్లను కింద నుంచి బాగు చేసే ఫిర్కా అభివృద్ధి పథకం పెట్టారు, సహకార సంఘాలను పెంచారు. అదే ప్రభుత్వం 1947 జనవరిలో శాంతిభద్రతల ఆర్డినెన్సు తెచ్చింది. దాని కింద విచారణ లేకుండానే జైల్లో పెట్టొచ్చు. కమ్యూనిస్టులను, కార్మిక నాయకులను అలాగే పట్టుకెళ్లారు. ప్యారీస్ కార్నర్‌లో ఛాతీ చూపించిన మనిషి ప్రభుత్వమే ఈ పని చేసింది. తెల్ల దొర చేతిలో ఉన్న కర్ర మన చేతికి వచ్చినంత మాత్రాన అది పూలమాల అయిపోదు. పాలకుడు మంచివాడే అయినా అతన్ని అడిగేవాళ్లు కూడా ఉండాలని చెప్పడానికి ఆయన జీవితంలోనే ఇంతకన్నా పెద్ద రుజువు దొరకదు.

1947 మార్చిలో సొంత పార్టీ సభ్యులే ఆయన మీద అవిశ్వాసం ప్రకటించారు. ప్రకాశం దిగిపోయారు. దాని కోసం తుపాకీ పేలలేదు, కోట తలుపులు విరగలేదు. లెక్క పెట్టిన చేతులే చాలాయి.

హైదరాబాద్‌లో అడిగేవాళ్లు లేక

1948లో ఆయన నిజాం రాజ్యం హైదరాబాద్‌కు బయల్దేరారు. ప్రాణానికి ప్రమాదమని నెహ్రూ వద్దన్నారు. అయినా వెళ్లారు, రజాకార్ల నాయకుడు ఖాసిం రజ్వీని కలిశారు, ఇది ఇంత దూరం లాగితే ప్రమాదమని హెచ్చరించి వచ్చారు.

హైదరాబాద్ అప్పటికి దేశంలోనే పెద్ద సంస్థానం. ఉస్మానియా యూనివర్సిటీ, ఆసుపత్రులు, చెరువులు, రైల్వే, ఇవన్నీ నిజాం కాలంలో వచ్చినవే. వాటిని ఎవరూ కాదనలేరు. లేనిది ఒక్కటే. భారత్‌లో కలవాలా, వేరుగా ఉండాలా అని ప్రజలను అడిగే పద్ధతి. హిందువులనూ అడగలేదు, ముస్లింలనూ అడగలేదు. వేరే మాట చెప్పిన ముస్లింకు కూడా అక్కడ చోటు లేకుండా పోయింది. ఇమ్రోజ్ ఉర్దూ పత్రిక ఎడిటర్ షోయబుల్లా ఖాన్ భారత్‌లో కలవాలని రాసినందుకు 1948 ఆగస్టులో ఆయన్ను చంపేశారు.

మరుసటి నెలలో పోలీసు చర్య జరిగింది. నిజాం రాజ్‌ప్రముఖ్ అయ్యారు. రజ్వీ జైలుకెళ్లి, తర్వాత పాకిస్తాన్ వెళ్లిపోయారు. ఏ నిర్ణయంలోనూ భాగం లేని మామూలు ముస్లిం కుటుంబాలు జిల్లాల్లో దెబ్బతిన్నాయి. ఏం జరిగిందో చూసి రమ్మని నెహ్రూ ప్రభుత్వం పండిట్ సుందర్‌లాల్ బృందాన్ని పంపింది. వేల మంది చనిపోయారని ఆ బృందం రాసింది. ఆ నివేదిక చాలా ఏళ్లు బయటికి రాలేదు. పైన నలుగురు తీసుకున్న నిర్ణయానికి కింద లక్షల మంది ఖర్చు కట్టారు. అడిగే పద్ధతి లేని చోట బిల్లు ఎప్పుడూ అడగని వాళ్ల పేరునే వస్తుంది.

రాజ్యాంగంలో ఊరికి చోటు

ప్రకాశం రాజ్యాంగ సభలో కూడా సభ్యులు. అక్కడ మనకు సంబంధించిన రెండు తగాదాలు నడిచాయి.

ఒకటి ప్రత్యేక నియోజకవర్గాల గురించి. అవి కొనసాగాలని మద్రాసు సభ్యులు బి. పోకర్ సాహెబ్ 1947 ఆగస్టులో సవరణ పెట్టారు. సభ ఒప్పుకోలేదు. 1949లో ముస్లింలకు రిజర్వు సీట్ల ఆలోచన కూడా పక్కన పెట్టారు. ఖాయమైన సీట్లు పోయాయి. బదులుగా 21 ఏళ్లు నిండిన ప్రతి మగ, ఆడ మనిషికీ ఆస్తి లేకున్నా, చదువు లేకున్నా ఓటు వచ్చింది. ఈ మార్పిడిలో ముస్లింలకు లాభమెంత, నష్టమెంత అనే చర్చ మన ఇళ్లలో ఇప్పటికీ నడుస్తూనే ఉంది. ఒక్క తేడా మాత్రం కళ్లకు కనిపిస్తుంది. అంతకు ముందు ముస్లిం నాయకుడు ముస్లిం ఓటర్ల దగ్గరకే వెళ్తే చాలు. ఇప్పుడు ప్రతి అభ్యర్థీ ప్రతి వీధికీ రావాల్సిందే.

రెండోది ఊరి గురించి. మొదటి ముసాయిదాలో గ్రామ పంచాయతీల ఊసు లేదు. ఊళ్లు కులాల పట్టులో, అజ్ఞానంలో ఉన్నాయని, వాటి మీద రాజ్యాంగం కట్టలేమని అంబేద్కర్ 1948 నవంబరులో సభలో వాదించారు. ఊళ్లో అంటరానితనం అనుభవించిన మనిషి మాట అది, తేలిగ్గా తీసేయడానికి లేదు. ప్రకాశం మాత్రం ఒప్పుకోలేదు. పరాయి పాలన ఊరి బలాన్ని పీల్చేసింది కాబట్టే ఊళ్లు అలా ఉన్నాయని, పాలన కింద నుంచి మొదలవ్వాలని నిలబడ్డారు. చాలామంది సభ్యులు ఇదే అన్నారు. నవంబరు 22న కె. సంతానం సవరణను అంబేద్కర్ కూడా అంగీకరించారు. గ్రామ పంచాయతీలను ఏర్పాటు చేయాలని చెప్పే 40వ అధికరణం అలా వచ్చింది.

అయితే అది ఆదేశిక సూత్రం మాత్రమే. అమలు చేయకపోతే కోర్టుకు వెళ్లడానికి లేదు. అందుకే 1992 రాజ్యాంగ సవరణ దాకా ఆగాల్సి వచ్చింది. ఆ తర్వాతే అయిదేళ్లకోసారి పంచాయతీ ఎన్నికలు, మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు సీట్లు, గ్రామసభ రాజ్యాంగంలో గట్టిగా కూర్చున్నాయి. ఊరి పాలన పెద్ద కులాల చేతిలోనే ఉండిపోతుందన్న అంబేద్కర్ భయానికి జవాబు ఆ రిజర్వేషన్లలో కొంత ఉంది.

ఒక్క ఓటు

1952 మొదటి సాధారణ ఎన్నికల నాటికి దేశంలో ఓటర్లు 17 కోట్ల పైన. ప్రకాశం అప్పటికి కాంగ్రెస్ వదిలి వేరే పార్టీలో ఉన్నారు. మద్రాసు శాసనసభలో 375 సీట్లకు కాంగ్రెస్‌కు 152 మాత్రమే వచ్చాయి. ప్రతిపక్షాలు కలిసి ప్రకాశాన్ని నాయకుడిగా పెట్టుకున్నాయి. గవర్నర్ మాత్రం రాజాజీని పిలిచారు. ఎన్నికల్లో నిలబడని రాజాజీని మండలికి నామినేట్ చేసి ముఖ్యమంత్రిని చేశారు. ఓటు అందరికీ వచ్చాక కూడా రాజ్‌భవన్ తలుపు దగ్గర ఓటును ఆపే వీలుందని తెలుగువాళ్లు మొదటిసారి చూసింది అప్పుడే.

పొట్టి శ్రీరాములు ప్రాణత్యాగం తర్వాత 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. శ్రీబాగ్ ఒప్పందం ప్రకారం రాజధాని కర్నూలు. ప్రకాశం మళ్లీ కాంగ్రెస్‌లోకి వచ్చి మొదటి ముఖ్యమంత్రి అయ్యారు. వయసు 81.

అప్పుడు గిద్దలూరు, మార్కాపురం కర్నూలు జిల్లాలోనే ఉన్నాయి. అంటే మన జిల్లా కేంద్రమే రాజధాని. 1839లో చివరి నవాబు గులాం రసూల్ ఖాన్‌ను కంపెనీ పట్టుకెళ్లిన ఊరు అది. 114 ఏళ్ల తర్వాత అదే ఊళ్లో జనం ఎన్నుకున్న శాసనసభ కూర్చుంది. భవనాలు లేక కొన్ని ఆఫీసులు గుడారాల్లో నడిచాయి. దర్బారు లేని రాజధాని.

ఆ ప్రభుత్వం ఏడాది పైన కొద్ది రోజులే ఉంది. తిరుపతిలో వెంకటేశ్వర యూనివర్సిటీ ఆ కాలంలోనే వచ్చింది. 1952లో దెబ్బతిన్న విజయవాడ ఆనకట్ట స్థానంలో కొత్త బ్యారేజీ పనీ అప్పుడే మొదలైంది. అదే ఇప్పటి ప్రకాశం బ్యారేజీ. మద్యనిషేధం మీద రామమూర్తి కమిటీ సిఫార్సులను అమలు చేయలేదని 1954 నవంబరులో అవిశ్వాస తీర్మానం పెట్టారు. ఒకే ఒక్క ఓటు తేడాతో ప్రభుత్వం పడిపోయింది. రాష్ట్రపతి పాలన వచ్చింది, 1955 మొదట్లో మళ్లీ ఎన్నికలు జరిగాయి.

మూడు సార్లు పదవి ఆయన చేతిదాకా వచ్చింది, మూడు సార్లూ జారింది. 1947లో సొంత వాళ్ల ఓటుతో, 1952లో గవర్నర్ నిర్ణయంతో, 1954లో ఒక్క ఓటుతో. లెక్క తేలాక ఆయన కుర్చీ పట్టుకుని కూర్చోలేదు. లేచి ఇంటికెళ్లారు. ఇంటికెళ్లాక మళ్లీ జనంలోకి వెళ్లారు.

చివరి ప్రయాణం

1957 వేసవిలో, 84 ఏళ్ల వయసులో, ఒంగోలు దగ్గర ఒక హరిజనవాడకు వెళ్లారు. అప్పటికి ఆయన ముఖ్యమంత్రి కాదు. ఎండ మామూలు ఎండ కాదు, ఒంగోలు ఎండాకాలం. వడదెబ్బ తగిలింది. హైదరాబాద్ ఆసుపత్రిలో చేర్చారు. మే 20న చనిపోయారు. లక్షలు సంపాదించిన బారిస్టరు వెనక చెప్పుకోదగ్గ ఆస్తి ఏమీ మిగల్లేదు.

ఆయన పుట్టినప్పుడు ఊరికి కరణం ఉన్నాడు. వంశపారంపర్య కరణీకం, మునసబీ ఆంధ్రప్రదేశ్‌లో 1984లో పోయాయి. ఇప్పుడు రాచర్లలో సర్పంచ్‌ను ఊరు ఎన్నుకుంటుంది. పంచాయతీ సీట్లలో సగం ఆడవాళ్లవి. గ్రామసభలో పంచాయతీ లెక్కలు అడగొచ్చు, కాలువ ఎందుకు తవ్వలేదని అడగొచ్చు, పింఛను జాబితాలో పేరు ఎందుకు లేదని అడగొచ్చు. దాని కోసం చేతులు కట్టుకోనక్కర్లేదు. ఓటర్ల జాబితాలో పేరుంటే చాలు.

జాబితాలో పేరుందో లేదో మాత్రం ఎవరి ఇంట్లో వాళ్లు చూసుకోవాలి. పెళ్లయి వేరే ఊరికి వెళ్లిన అమ్మాయి పేరు, పని కోసం హైదరాబాద్, బెంగళూరు వెళ్లిన అబ్బాయి పేరు, ఉర్దూ పేరును తెలుగులో రాసేటప్పుడు తప్పు పడిన నానమ్మ పేరు. 1954లో కర్నూలులో ఒక రాష్ట్ర ప్రభుత్వం ఒక్క ఓటుతో పడిపోయింది. రాచర్ల పంచాయతీ వార్డులో ఒక్క ఓటు అంతకన్నా బరువే.